బావగారి కత్తిసాము

తియాంజిన్,
క్యాబేజీలు కొని మెట్ల కింద పేర్చుకునే రోజులు

చిరంజీవి చాంగెంగ్‌కు, మీ అక్కను చేసుకున్ననాటి నుంచీ నీ ఎకసెక్కాలు భరిస్తున్న నీ బావ మెంగ్ గ్వాంగ్లిన్ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామంటే ‘మేము’ అనడానికి ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మీ అక్క సూచిన్ నది అవతల మా అమ్మాయి రుయిలాన్ ఇంట్లో మకాం పెట్టింది. పురుటికి సాయమని వెళ్ళిన మనిషి. మనవరాలు దోదో బోర్లా పడటం అయింది, పాకడం కూడా అయింది. సూచిన్ మాత్రం రాదు. అడిగితే, ఇంటికొస్తే చెవులు నొప్పి పుడతాయి అంటుంది.

అసలు సంగతి చెబుతాను, నీలోనే పెట్టుకో. దోదో నా గొంతు వింటే గుక్కపట్టి ఏడుస్తుంది. థర్మాస్ ఫ్యాక్టరీలో ఆ మిషన్ల మోతలో ఇన్స్పెక్టరుగా బతికినవాణ్ణి, నా గొంతు అలాగే ఉంటుంది మరి. మొన్న ‘నా బంగారు తల్లీ’ అన్నానంతే, పిల్ల నల్లబడిపోయింది. రుయిలాన్ పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని, “నాన్నా, నువ్వు ముద్దు చేసినా ఎవరో ఫ్లాస్కు పగలగొట్టినట్టే ఉంటుంది. నీ కోపం తగ్గేదాకా దోదోను నీ చేతికివ్వను” అంది. నాకు కోపమెక్కడుందని అరిచాను. మళ్ళీ ఏడుపు.

పోనీ డాక్టరుకు చూపించుకుందామని వెళితే, ఆయన రక్తపోటు చూశాడు, మళ్ళీ చూశాడు, తర్వాత ఆయనే కుర్చీలో కూలబడ్డాడు. ఉప్పు మానెయ్, కోపం మానెయ్, తాయ్‌చీయో ఇంకోటో ఏదైనా సాము నేర్చుకో అన్నాడు.

కాబట్టి మీ ఇంటి సాముగరిడీల్లో కోపం తగ్గించే ముక్క ఏదో ఒకటి కాగితం మీద రాసి పంపు. పెద్దగా సాగదీయకుండా, కొత్త సంవత్సరం పండక్కల్లా తగ్గిపోయేది చూసి పంపు. నాకు ఆ పిల్లను ఎత్తుకోవాలని ఉందిరా. అంతకంటే ఇంకేం లేదు.

నీ బావ,
గ్వాంగ్లిన్

తా.క.: నాకు కోపం ఎక్కువ అని మీ అక్క చెబితే నమ్మకు. ఈ ఉత్తరం రాస్తుండగా కలం పాళీ విరిగింది, అది ఫ్యాక్టరీ లోపం.

*

త్సాంగ్‌జౌ,
మొదటి మంచు పడ్డ వారం

మీరు తిట్టినా దీవెన కిందే జమకట్టుకునే బావమరిది చాంగెంగ్, బావగారికి దణ్ణాలు పెట్టి రాయడమేమంటే:

మీ ఉత్తరం మా సాము వాకిట్లో నిలబడి చదువుకున్నాను. నవ్వాపుకోలేక బావి గట్టు మీద కూర్చున్నాను. ‘సాము అంటే పనిలేని వాళ్ళ పని’ అని ఊరంతా వినేలా చెప్పిన బావగారికి ఇన్నాళ్ళకు సాము కావాల్సొచ్చింది. మనవరాలు మామూలు పిల్ల కాదు.

బావగారూ, ఇది పోస్టులో పంపేది కాదు. పొద్దున్నే లేచి మీ ఇంటి దగ్గర ఏ పార్కులోకైనా వెళ్ళండి, పదిమంది నేర్పుతుంటారు. గొంతు పెద్దగా ఉన్నవాడి దగ్గర చేరకండి, ఆ విద్య మీకు వచ్చినదే. మిమ్మల్ని ఊరికే నిలబెట్టేవాళ్ళు దొరికితే వదలకండి. మోకాళ్ళు కాస్త వంచి, లావుపాటి చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు చాచి నిలబడటం. నెలల తరబడి అదే పని. మోకాళ్ళు పడుచువి అయిపోతాయని కోతలు కోయను గానీ, పాదాలకు నేల ఆనుతుంది. నిద్ర పడుతుంది. కోపిష్టివాడికి ఊపిరి గొంతు దగ్గరే కొట్టుకుంటుంది, అది మెల్లగా బొడ్డు కిందకు దిగుతుంది. అది దిగితే మాటా దిగుతుంది. మా నాన్న పోయేదాకా బావిలో నీళ్ళు తనే తోడుకున్నారు, ఒక్క మనిషిని గట్టిగా కసిరింది లేదు.

మర్యాద ఒకటి గుర్తుంచుకోండి. ‘మీ గురువెవరు, మీది ఏ వంశం’ అని అడగకూడదు. శిష్యుడిగా ఒప్పుకున్న రోజున, మీరు టీ అందించాక వాళ్ళే చెబుతారు.

విధేయుడు,
చాంగెంగ్

తా.క.: మీ పెళ్ళిలో మా నాన్న సాము చేస్తుంటే ‘మామగారు దోమలు తోలుకుంటున్నారా’ అన్నారు చూడండి, ఆ మాట మా ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు. నేనే చెబుతుంటాను.

*

తియాంజిన్,
చెరువు గడ్డకట్టింది

చిరంజీవి చాంగెంగ్‌కు, సాములో నీకు పోటీ వస్తున్న బావ ఆశీస్సులు.

గురువు దొరికింది. అవును, ఆడమనిషే. వయసులో రుయిలాన్‌కు కొంచెం పెద్ద. మెత్తటి ఊలు టోపీ పెట్టుకుని పార్కు చెరువు గట్టున నేర్పుతుంది. ఈవిడ నాకేం నేర్పుతుంది అనుకున్నాను. నన్ను ఒక్కసారి ఎగాదిగా చూసి, రేపటి నుంచి రండి అంది.

నువ్వేదో నెలల తరబడి నిలబడాలి అని భయపెట్టావు. అది మామూలు వాళ్ళకు కాబోలు. పంతులమ్మ నాలో ఏం చూసిందో మరి, మొదటి వారమే ఎగిరి తన్నడం నేర్పేసింది. ఇప్పుడు కత్తిసాములో ఉన్నాను. గాల్లో తిరిగి ఒంటికాలి మీద దిగుతుంటే, పక్కన వెదురు పిల్లనగ్రోవి వాయించే ముసలాయన వాయించడం ఆపేసి చూస్తాడు. ఈ మాట మీ అక్కకు రాయి. రుయిలాన్ చెవిన కూడా పడేలా రాయి.

ఉంటాను. సాధనకు వేళయింది.

గ్వాంగ్లిన్

తా.క.: మీ ఇంట్లో కాచే ఆ నల్ల తైలం ఒక సీసా పంపు. తొడలకు మాత్రమే. చేతులకు ఏమీ కాలేదు. మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవలేకపోతున్నాను, ఎవరినైనా పిలుద్దామంటే ఇంట్లో ఎవరూ లేరు.

*

త్సాంగ్‌జౌ

బావగారికి చాంగెంగ్ దణ్ణాలు. ఇవి కంగారు దణ్ణాలు.

తైలం పంపుతున్నాను. కానీ ముందు నా మాట వినండి, ఆ కత్తి కింద పెట్టండి. రక్తపోటు ఉన్న పెద్దమనిషిని మొదటి వారమే గాల్లోకి ఎగరేసేవాళ్ళు గురువులు కాదు బావగారూ, యముడి బంట్లు. నేను చిన్నప్పటి నుంచి ఇందులోనే ఉన్నాను, ఇంత దారుణం వినలేదు. మా వాకిట్లో కుర్రవాళ్ళకు చెబితే వాళ్ళూ నోళ్ళు తెరిచారు.

ఆవిడనేం అనను, ఆడపిల్ల, తనకు చెప్పినట్టే తను చెబుతుంది. ఆవిడకు నేర్పిన మొద్దు ఎవడో వాణ్ణి అనాలి. వాడికి సిగ్గూ శరం లేదు, సాము అంటే తెలియదు, ఏ సంతలోనో కోతిని ఆడించుకుంటూ నేర్చి ఉంటాడు. వాణ్ణి పట్టుకుని చెట్టుకు కట్టేసి, చెట్టును కౌగిలించుకోవడం అంటే ఏమిటో మొదటి నుంచీ నేర్పాలి. ఆవిడ పేరేమిటో కనుక్కుని రాయండి. వాడి పేరు నేను తీస్తాను.

చాంగెంగ్

తా.క.: అక్కకు రాశాను. అక్క నుంచి ఒకే ఒక్క ముక్క వచ్చింది: ‘మీ బావ ఎగిరాడా? గోడ మీద నుంచా?’

*

తియాంజిన్,
పండగ దగ్గరపడింది

చిరంజీవి చాంగెంగ్‌కు బావ ఆశీస్సులు, కాస్త కోపంతో.

నీ ఉత్తరాన్ని నేను దాచుకునే రకం కాదు. పొద్దున్న సాధన అయ్యాక పంతులమ్మ ముందే చదివి వినిపించాను. ‘సిగ్గూ శరం లేని మొద్దు’ దగ్గర ఆవిడకు పొలమారింది. కోతిని ఆడించే చోటుకు వచ్చేసరికి మొహం టోపీలోకి లాక్కుని, భుజాలు అదురుతుండగా అలా నిలబడిపోయింది. గురువును తిడితే ఎవరికైనా కడుపు రగులుతుంది మరి. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆ ముక్క మళ్ళీ చదవమంది. చదివాను.

పేరు మాత్రం నీకు రాయొద్దంది. నువ్వు ఆవిడ గురువును బరిలోకి పిలిస్తే ఏమంటారని అడిగాను. “ఆయన మా గురువుగారిని ఎప్పటికీ ఓడించలేరు. ఆయన చేతిలో ఓడిపోరు కూడా” అంది. ఇదేం మాటో నాకు అర్థం కాలేదు. నీకు అవమానమే అని మాత్రం తెలిసింది, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నా కత్తి దివ్యంగా ఉంది. ఇప్పుడు రెండు చేతులా రెండు కత్తులు.

ఇంకో చిత్రం. పక్కింటి షియే ముసలావిడ బొగ్గు బుట్ట తీసుకెళుతూ నా కొత్త చెప్పుల మీద బోర్లించింది. ‘అయ్యో, మీకు దెబ్బ తగల్లేదు కదా’ అని అడిగాను. ఆవిడ నన్ను అలా చూసి లోపలికెళ్ళి, ఒంట్లో బాగోలేదేమోనని అల్లం కషాయం కాచి తెచ్చింది. అట్ల బండి దగ్గర వరుసలో ఎవడో ముందుకు దూరినా, నా పెసరపిండి అట్టు చల్లారినా కూడా ఏమీ అనాలనిపించడం లేదు. ఉప్పు తగ్గించడం వల్ల నీరసమేమో.

గ్వాంగ్లిన్

తా.క.: రాత్రి పడుకుంటే తెల్లవారే మెలకువ వస్తోంది. ఇదేమైనా జబ్బా?

*

త్సాంగ్‌జౌ

బావగారికి, నెత్తురు మరుగుతున్న బావమరిది దణ్ణాలు.

రెండు కత్తులా. ఇక ఉపేక్షించను. ఈ నెలాఖరు రైలుకు నలుగురు శిష్యులను తీసుకుని నేనే వస్తున్నాను. ఓడించలేనట, ఓడిపోనట. ఆ పొగరుబోతు గురువెవడో వాణ్ణి రమ్మనండి. పార్కులో పదిమంది ముందు చూసుకుందాం.

మీ సాము సంగతి అక్కకు వివరంగా రాశాను, ఎగరడం, తిరగడం, రెండు కత్తులు, అన్నీ. అక్క ఈసారి పెద్ద ఉత్తరమే రాసింది. రుయిలాన్‌నూ దోదోనూ వెంటబెట్టుకుని అదే రోజు వస్తుందట. మీరు కత్తులు తిప్పడం చూసి, మీ తీరు నచ్చితే పిల్లను మీ చేతికిచ్చి ఇంటికి వచ్చేస్తారట. కాబట్టి ఆ ఒక్క రోజూ చేయండి, తర్వాత జన్మలో కత్తి ముట్టకండి.

చాంగెంగ్

తా.క.: కత్తులు సానపట్టినవి కాదు కదా? రుయిలాన్ అడగమంది.

*

తియాంజిన్

నాయనా చాంగెంగ్,

రావద్దు. నీకు పుణ్యముంటుంది, రైలు ఎక్కొద్దు.

కత్తి లేదు. రెండు కత్తులు అసలే లేవు. నేను ఎగరలేదు. రుమాలు కింద పడితే వంగి తీసుకోవడమే ఈ మధ్య చేతనైంది. చలికాలమంతా ఆ చెరువు గట్టున నిలబడే ఉన్నానురా. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, లేని చెట్టును పట్టుకుని. మొదట్లో తొడలు గజగజ వణికేవి, మనసులో పంతులమ్మను తిట్టని తిట్టు లేదు. ‘ఇంకేం చేయాలి’ అని అడిగితే ‘ఇంకొంచెం తక్కువ చేయండి’ అంటుంది. నిలబడినవాడు ఇంకా ఏం తగ్గిస్తాడు? పక్కన నాకంటే ముసలాళ్ళు కాళ్ళు చెవుల దాకా ఎత్తుతుంటే నేను దిష్టిబొమ్మలా ఉన్నాను. నీకు ఆ సంగతి రాయడానికి మొహం చెల్లలేదు. పెళ్ళి నాటి నుంచి మిమ్మల్ని వెక్కిరించినవాణ్ణి, నిలబడుతున్నాను అంటే నువ్వు ఊరంతా చెబుతావు. ఒక తన్ను కలిపాను, దాన్ని నిలబెట్టడానికి కత్తి కలిపాను.

ఇప్పుడు చూడు, కొంప మునిగింది. రుయిలాన్ వచ్చి కత్తి ఏదని అడిగితే ఏం చూపించను? నాన్న కోపిష్టి అనుకునేది ఇన్నాళ్ళూ, ఇకనుంచి అబద్ధాలకోరు కూడా అనుకుంటుంది. పిల్లను ఎప్పటికీ ఇవ్వదు. ఇది రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి, దాచుకోను.

ఒక్కటే మంచి మాట. నిన్న ఈ అబద్ధమంతా పంతులమ్మకు చెప్పేశాను. వెళ్ళగొడుతుంది అనుకున్నాను. ఆవిడ టోపీ సర్దుకుని, ఇక మిమ్మల్ని శిష్యుడిగా తీసుకోవచ్చు అంది. నెలాఖరునే, వాళ్ళింట్లోనే టీ ఇవ్వాలి. మీ అక్కనూ రుయిలాన్‌నూ పార్కుకు కాకుండా అక్కడికే రమ్మని చెప్పడం ఒక్కటే దారి. వచ్చి ఏది చూస్తే అది చూస్తారు.

నీ బావ

తా.క.: ఆవిడ గురువును తిట్టావు చూడు, ఆ తిట్లు నా అబద్ధానికి పడాల్సినవి. ఆయనెవరో గానీ, మనసులోనైనా తప్పయిందని అనుకో.

*

త్సాంగ్‌జౌ

బావగారికి, ఈసారి నిజంగానే వంగి పెడుతున్న దణ్ణం.

మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

బావగారూ, కత్తి తిప్పేవాళ్ళు నా వాకిట్లో బోలెడుమంది ఉన్నారు. చలికాలం మొత్తం నోరు మూసుకుని నిలబడ్డవాడు అందులో ఒక్కడూ లేడు. ఆ పంతులమ్మ మంచి గురువు. ఆవిడకు నేర్పినాయన ఇంకా మంచి గురువు. నా తిట్లన్నీ నేను మింగేస్తున్నాను, ఆయనకు నా తప్పు ఒప్పుకుంటున్నానని చెప్పండి.

నేను రాలేను. మీ పంతులమ్మ గురువును కొట్టడానికి గట్టిగా సాధన చేస్తూ గాల్లో తిరిగి బావి గట్టు మీద పడ్డాను. చీలమండ గుమ్మడికాయలా వాచింది. మీరు ఎగరలేదు గానీ, మీ అబద్ధం నన్ను ఎగరేసింది.

చాంగెంగ్

తా.క.: టీ ఇచ్చే రోజున ఆవిడ గురువుగారి ఫోటో గోడకు పెడతారు. దాని ముందు నుదురు నేలకు తాకించి మూడు దణ్ణాలు పెట్టాలి. నా తరఫున నాలుగోది కూడా పెట్టండి.

*

తియాంజిన్,
విల్లో చెట్ల దూది గాల్లో ఎగురుతున్న రోజులు

పరమ పూజ్యులు, విద్యానిధులు, వంశోద్ధారకులు అయిన తాతగారికి, తమ మనవడు మెంగ్ గ్వాంగ్లిన్ సాష్టాంగపడి రాసుకున్నది.

మీకు మతి పోయిందా బావగారూ అనకు. గురువుకు గురువు అంటే నాకు తాత వరస, అది మీవాళ్ళు పెట్టిన రూలే.

పంతులమ్మ ఇంట్లో అందరం కూర్చున్నాం. మీ అక్క ఒక మూల, రుయిలాన్ దోదోను ఎత్తుకుని ఇంకో మూల. కత్తి లేదని రుయిలాన్‌కు అప్పటికే చెప్పేశాను. పిల్లను మాత్రం ఇవ్వలేదు. రెండు చేతులా టీ పట్టుకెళ్ళి ఇచ్చాను. పంతులమ్మ తాగి, ఇప్పుడు మా గురువుగారికి దణ్ణం పెట్టండి అని, గోడ మీది ఎర్రగుడ్డ తీసింది. చూద్దును కదా, అక్కడ నువ్వు. అవే చేట చెవులు, అవే మీసాలు, పోయిన చలికాలానికి ముందు నేనే ఇచ్చిన దూది కోటు.

పంతులమ్మ పేరు ఫాన్ యుయెజెన్. మీ వాకిట్లో పెరిగిన పిల్లేనట, మొగుడి ఉద్యోగంతో ఎక్కడో పడమటి వైపు ఉందని నువ్వనుకుంటున్నావట. శరత్కాలంలో ఇక్కడికి బదిలీ అయి వచ్చారు. కూరగాయల బజారులో మీ అక్కకు కనబడింది. ఇక వాళ్ళిద్దరూ కలిసి నా కథ నడిపారు. ఆ పార్కు మా ఇంటి పక్కదే, నేను అక్కడికే వెళతానని మీ అక్కకు తెలుసు. మీ అక్క ఒట్టు వేయించుకోకపోతే నీ తిట్ల ఉత్తరం చదివినప్పుడే చెప్పేసేదాన్నని యుయెజెన్ అంటోంది.

అది సరే. ఫోటో చూడగానే గదిలో అందరూ నా మొహమే చూశారు. రుయిలాన్ లేచి గుమ్మం వైపు నడుస్తూ దోదో చెవి మీద చెయ్యి పెట్టింది. ఒళ్ళంతా తెలిసిందిరా నాకు, పాత మంట బొడ్డు దగ్గర అంటుకుని మెడ దాకా ఎగబాకింది. జీవితమంతా వెక్కిరించిన బావమరిది ముందు నేలకు నుదురు ఆనించాలి, అదీ పెళ్ళాం ముందు, కూతురు ముందు. నోరు తెరిచాను. ఈలోగా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి, రోజూ పొద్దున్న వంగినట్టే. ఊపిరి జారి కిందకు పోయింది. తిట్టు రావాల్సిన చోట నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు, ఫ్యాక్టరీ నవ్వు, కిటికీ అద్దాలు అదిరాయి.

అప్పుడు భయం వేసింది. దోదో నా వంక చూసింది. పెదవి వంకర పెట్టింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, కిచకిచమని నవ్వింది. మళ్ళీ నవ్వమన్నట్టు నా వైపు చేతులు చాచింది. రుయిలాన్ గుమ్మం దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. “ఎత్తుకో నాన్నా” అంది.

పిల్లను ఎత్తుకునే ఉండి నీకు మూడు దణ్ణాలు పెట్టాను. నాలుగోది నీ తరఫున పెట్టాను. దోదోకు అది ఆట అనిపించి ఐదోది కూడా పెట్టించింది. చేతులు ఒక్క పిసరు వణకలేదు చాంగెంగ్. చెట్టు బదులు పిల్ల ఉంది, అంతే తేడా.

చీలమండ జాగ్రత్త. నీ తరఫున తప్పయిందని నీ ఫోటోకే చెప్పాను. క్షమించావో లేదో రాయి.

తమ మనవడు,
గ్వాంగ్లిన్

తా.క.: మీ అక్క ఇంటికి వచ్చేసింది. తనూ మీ నాన్న దగ్గరే సాము నేర్చిందని, కాబట్టి వరసకు నాకు నానమ్మ అవుతుందని నిన్న బయటపెట్టింది. టీ కావాలంటే వంగి అడగమంటోంది. వంగాను. మోకాలు నొప్పి పుట్టలేదు.